ఎస్సై గారి గాలం రీలు

సోమవారం వచ్చిందంటే ఠాణాకు పోయి ముఖం చూపించి రావాలి. నేను దొంగను కాను, తాగి కొట్లాడినవాణ్ణీ కాను. నా కొడుకు హన్మంతు పార్టీలో కలిసి అడవి పట్టాడు. నేను వాడి తండ్రిని. అదే నా నేరం. నడుస్తున్న సాంచెలు, అదే మరమగ్గాలు, ఆపి, ఆసామి సణుగుతుంటే వినీ విననట్టు బయటపడి, సిరిసిల్ల బజారంతా చూస్తుండగా నడిచిపోయి ఆ బల్ల మీద కూర్చోవాలి. పిలిచేదాకా కూర్చోవాలి. వాళ్లు పిలవరు. ఎండ నడినెత్తి దాటాక ఎవరో ఒకరు తలుపులోంచి తల బయటపెట్టి, "ఇంక ఈడనే ఉన్నవా? పో" అంటారు. కొట్టినా బాగుండును అనిపించేది ఒక్కోసారి. కొట్టినోడు ఎప్పుడో అప్పుడు అలసిపోతాడు. కూర్చోబెట్టినవాడికి అలసటే ఉండదు.

ఆ సోమవారం మాత్రం లోపలికి పిలిచారు. ఎస్సై దశరథం జగిత్యాల నుంచి బదిలీ మీద వచ్చినవాడు. వయసు నాకంటే బాగా చిన్న. కళ్ల కింద మాత్రం నాకంటే పెద్ద సంచులు. కుర్చీని గోడకు ఆనించుకుని కూర్చుంటాడు. కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది.

"రాజమౌళీ, కోరుట్లల గల్ఫు సామాన్లమ్మే జలపతి నీ బామ్మర్దే గదా?" అన్నాడు.

"అవును సార్. ఇబ్రహీంపట్నం మా అత్తగారూరు. ఆడు మస్కట్ పోయొచ్చి దుకాణం పెట్టుకున్నడు."

"ఆని తాన గాలం రీళ్లున్నయట. కట్టెకు బిగించి, దూరం ఇసిరేటియి. నాకో మంచిది చూసి పట్టుకరా. దారంతోని బతికినోనివి, నీకు ఎరుకుంటది."

రోకట్లో తల పెట్టాక పోటుకు వెరవడం ఎందుకని, సరే సార్ అన్నాను. లేచి తలుపు దాకా వచ్చాను. అప్పుడు అన్నాడు వెనకనుంచి.

"మిరుగం నాడు వీర్నపల్లి అవతల అడివి చెరువు మీద కూసోవాలె. ఆడ కొర్రమట్టలు ముంజేయంత ఉంటయట."

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు చేప అందరూ తింటారు, నాకు భయం పుట్టింది ఆ చెరువు పేరుకే. ఆ చెరువు సంగతి మాకు తెలుసు. గొర్రెలు కాసే ఎల్లవ్వ అంగట్లో నా భార్య లచ్చవ్వ చెవిలో వేసింది. ఈ ఎండలకు అడవిలో చెలిమెలన్నీ ఎండిపోయాయి, దళం వాళ్లు పట్టపగలు డబ్బాలు పట్టుకుని ఆ చెరువుకే నీళ్లకు వస్తున్నారు, అందులో మీ పోరడు కూడా ఉన్నాడు అని. ఆ మాట విన్న రోజు లచ్చవ్వ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. కొడుకు ఎక్కడో నీళ్లు తాగుతున్నాడని తెలిస్తే తల్లికి అన్నం దిగుతుంది కాబోలు.

ఇప్పుడు ఆ గట్టు మీద ఈయన పోయి కూర్చుంటాడు. ఈయన వాణ్ణి చూస్తే వాడు పోతాడు. వాడే ముందు చూస్తే ఈయన పోతాడు, ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు ఠాణా బల్లల మీద కూర్చుంటాయి. ఎటు తిరిగినా అడకత్తెరలో పోకచెక్క నేనే.

లచ్చవ్వకు చెప్పాను. బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. తర్వాత అన్నది: "మంచిది ఎందుకు తెస్తవ్? పనికిరానిది తే. దారం చిక్కులు వడితె రొండు దినాలు చూసి ఇడిచిపెడ్తడు. పోలీసోళ్లకు ఓపికెక్కడిది?"

ఆడదాని మాట కాదు, అది అమ్మ మాట. నాకూ నచ్చింది.

వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల పోయే బస్సెక్కాను. దారిలో బస్సాపి మగవాళ్లందరినీ దింపి జేబులు తడిమారు. నా చేతులు చూసి, "సాలోనివా?" అని అడిగి ఎక్కమన్నారు. మళ్లీ ఇంకోచోట ఆపారు. అక్కడ ఏమీ అడగలేదు, ఊరికే ఎండలో నిలబెట్టారు. దిగడం, నిలబడటం, ఎక్కడం. ఆ రోజుల్లో మా జిల్లాలో ప్రయాణమంటే ఇంతే.

జలపతి దుకాణంలో టేపురికార్డర్లు, సెంటు సీసాలు, దుప్పట్లు. బావ వచ్చాడని చాయ్ తెప్పించాడు. హన్మంతు గురించి అడగబోయి, పక్కన గిరాకీ ఉందని ఊరుకున్నాడు. మస్కట్‌లో వాడు ఒక అరబ్బు షేకు పడవ మీద పని చేశాడు. గాలాలు, కట్టెలు, రీళ్లు కడిగి నూనె వేసి సర్దడమే వాడి కొలువు. ఎస్సైకి రీలు కావాలని నేను అనగానే వాడి ముఖం వెలిగింది. నాలుగేళ్లుగా ఆ రీళ్లను ఒక్కడూ అడగలేదట. వరుసగా బల్ల మీద పెట్టాడు.

"బావా, తెల్వనోడు ముందుగాల రంగు చూస్తడు. రంగుకు చేప పడదు. గిట్ల రెండు వేళ్ల నడుమ పట్టి ఒత్తు. ఒళ్లు వంగిందా, అది బొమ్మ. వంగలేదా, అది రీలు. ఇగ గీ డ్రమ్మును పక్కకు ఊపు. లొడలొడ అంటె లోపల సందున్నట్టు, దారం ఆ సందుల ఇరుకుతది. ఇప్పుడు చెవి కాడ పెట్టి తిప్పు."

పెట్టి తిప్పాను. నల్లటిది, బరువైనది, ఇత్తడి పళ్ల చక్రాలది. లోపల ఏదో ఉన్నట్టే అనిపించలేదు. మంచి సాంచె నూనె తాగి నడిచినట్టు నడిచింది. నా చెయ్యి దాన్ని వదలనంది. సిగ్గులేని చెయ్యి.

"ఇసిరినప్పుడు చూడు అసలు ముచ్చట," అన్నాడు జలపతి. "గాలం ముందుకు పోతుంటె డ్రమ్ము దానంతటదే తిరిగి దారం ఇస్తది. గాలం నీళ్లల్ల పడ్డంక ఆగుతది, డ్రమ్ము ఆగది. అప్పుడు దారం లోపల్నే గూడు కడ్తది. అందుకే బొటనవేలు దాని మీద ఆనిచ్చుకోని ఉండాలె. పక్కన గీ బ్రేకు మర ఉంటది. మంచిదాన్ల ఇది చెప్పినట్టు ఇంటది. చెడ్డదాన్ల ఊకె పేరుకు ఉంటది."

దారం కండె జోరుగా తిరిగి పోగు వదులైతే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్లు మగ్గం మీద, తర్వాత సాంచెల మీద ఆ తిప్పలే పడ్డాను.

"గీ ఎర్రది ఇయ్యి," అన్నాను.

ఎర్రది మెరుస్తోంది. ఒత్తితే వంగింది. ఊపితే గజ్జెల్లా మోగింది.

"పిచ్చి లేశిందా బావా? అది పోరగాళ్లు ఆడుకునేది. నేను గిప్పటిదాక చెప్పింది గోడకా?"

"ఎర్రదే ఇయ్యి."

"ఎస్సైకంటున్నవ్. రేపు ఆయన నా దుకాణం మీదికి అత్తె?"

"నా పేరు చెప్పు. ముసలోనికి కండ్లు కనవడవని చెప్పు."

జలపతి దాన్ని కాగితంలో చుడుతూ నా ముఖంలోకి చూశాడు. నేను నవ్వలేదు, వేళాకోళం కాదని తెలిసి వాడికి కోపం వచ్చింది. పొట్లం బల్ల మీదికి నెట్టి ఇంకో గిరాకీ దగ్గరికి పోయాడు.

ఐతవారం నాడు ఎస్సై నన్ను మానేరుకు రమ్మన్నాడు. వాగులో నీళ్లు లేవు, మడుగు ఒకటి మిగిలింది. లుంగీ కట్టుకుని, తువ్వాలు తలకు చుట్టుకుని ఉంటే పోలీసని ఎవరూ అనుకోరు. కట్టెకు ఎర్ర రీలు బిగించి విసిరాడు. గాలం మూడు బారలు కూడా పోలేదు. రీలు గుర్రుమని, దారమంతా ఉబ్బి బయటికొచ్చింది. పిచ్చుక గూడు అంత చిక్కు.

"దీని తల్లి," అన్నాడు.

నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇంకో రెండుసార్లు ఇట్లా అయితే ఈయన కట్టెను ఏట్లో పారేసి పోతాడు. మిరుగం నాడు ఇంట్లో కూర్చుని ఎవరో తెచ్చిన చేప తింటాడు. నా కొడుకు నీళ్లు ముంచుకుని వెళ్లిపోతాడు.

ఎస్సై రీలును నా పక్కన ఇసుక మీద పెట్టి బీడీ అంటించుకున్నాడు. ఏటి అవతలి చింతచెట్ల వైపు, రోడ్డు వైపు, మళ్లీ చింతచెట్ల వైపు చూస్తున్నాడు. నేనూ అటే చూశాను. కాసేపటికి ఆయన నా ఒళ్లోకి చూసి, "ఓరి, అయిపాయెనా?" అన్నాడు.

కిందికి చూసుకున్నాను. చిక్కు లేదు. దారం డ్రమ్ము మీద వరుసగా చుట్టుకుని ఉంది. లొడలొడలాడే సందులో నా ధోవతి అంచు నుంచి చింపిన గుడ్డపేలిక మడిచి పెట్టి ఉంది. బ్రేకు మర బిగించి ఉంది. ఎప్పుడు చేశాయో నా చేతులు! తెగిన పోగును, పడిన చిక్కును చూస్తూ ఊరుకోవడం సాలెవాడి చేతికి రాదు. "చిక్కు కనవడితె నువ్వు పెండ్లాన్ని గూడ మరుస్తవ్" అని లచ్చవ్వ నన్ను ఎప్పుడూ వెక్కిరించేది. ఇప్పుడు కొడుకునే మరిచాను. ఆ వేళ్లను రాయి మీద పెట్టి నలగ్గొట్టుకోవాలనిపించింది.

ఎస్సై మళ్లీ విసిరాడు. గాలం మడుగు అవతలి అంచున పడింది. పెద్ద చేపేమీ పడలేదు. ఆయన ముఖంలో మాత్రం పండగ వచ్చింది.

"మిరుగం నాడు పొద్దుగాల్ల తయారుండు. నువ్వు గూడ అత్తున్నవ్. చిక్కు వడితె తీసేటోడు ఉండాలె గద," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే లచ్చవ్వ నన్ను తిట్టలేదు. నా చేతులు చూసింది, అంతే. అది తిట్టు కన్నా ఎక్కువ.

మిరుగం నాటికి వాన జాడ లేదు. జీపును ఊళ్లో ఒక కానిస్టేబులు దగ్గర వదిలి మేమిద్దరమే నడిచాం. చెరువులో నీళ్లు అడుగుకు దిగిపోయి, అవతలి ఒడ్డున తుంగ, దాని వెనక అడవి. ఎస్సై తుమ్మచెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోనివ్వలేదు.

"ముందటికి కూసో. ఇంక జర. ఆఁ, గాడ. వెలుతురు మంచిగుంటది నీకు," అన్నాడు.

నేను ఆయన ముందు, నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన నా తల మీదుగా విసిరాడు. మొదట రెండుసార్లు బాగానే పోయింది. మూడోసారి గుడ్డపేలిక జారినట్టుంది, రీలు గుర్రుమంది. చిక్కు నా ఒళ్లోకి వచ్చింది. మానేరు నాటి చిక్కు దీని ముందు ఏపాటిది? దారం డ్రమ్ము పక్క సందులోకి దూరి, ఇరుసుకు చుట్టుకుంది. లాగితే తెగుతుంది. ఒక్కో మెలికను గోటితో ఎత్తి బయటికి తీయాలి.

ఈసారి తెలిసే చేస్తున్నాను, నిదానంగా. ఇది తేలకపోతే లేచి వెళ్లిపోదాం అంటాడని ఆశ. కానీ వేళ్లకు నిదానం రాదు, కళ్లకు పక్క చూపు రాదు. చిక్కులో తల దూర్చిన సాలెవాడికి చుట్టూ ఇల్లు కాలినా తెలియదు. వెనక ఎస్సై ఊపిరి మాత్రం వినబడుతోంది. ఒకచోట ఆ ఊపిరి ఆగింది. చాలాసేపు ఆగింది. నేను ఆఖరి మెలిక పట్టుకుని ఉన్నాను, దాన్ని వదిలితే మళ్లీ దొరకదు. ఆ మెలిక తీశాకే తల ఎత్తాను.

అవతలి ఒడ్డు మీద ఒక మనిషి అటు తిరిగి తుంగలోకి పోతున్నాడు. భుజానికి తుపాకీ, చేతిలో డబ్బా. ఎడమ భుజం కొంచెం కిందికి. చిన్నప్పుడు కండెల గంప మోసి మోసి అట్లా అయింది. తుంగ కదిలింది, మూసుకుంది. నేను చూసింది వాడి వీపు.

వెనక్కి తిరిగాను. ఎస్సై బీడీ అంటించుకోబోతే అగ్గిపుల్ల విరిగింది. ఇంకోటి తీశాడు, అదీ విరిగింది.

"నీ కొడుకే," అన్నాడు. "ఫోటో మా గోడకే ఉన్నది. రోజు చూస్త."

"సార్..."

"తుపాకి ఎత్తిండు. నీ నెత్తి మీదికెళ్లి నా దిక్కు చూసిండు. ఇగ నిన్ను గుర్తు పట్టిండు. దించిండు. దించి, గట్లనే నిలవడ్డడు. నిన్నే చూసుకుంట. నేననుకున్న, పోడా ఏందని. చానసేపు నిలవడ్డడు రాజమౌళీ."

నాకు అప్పుడు తెలిసింది ఆ వెలుతురు సంగతి. "చిక్కు తీసేటందుకు కాదన్నట్టు నన్ను తెచ్చింది," అన్నాను. ఠాణా బల్ల మీద ఎన్నడూ రాని కోపం వచ్చింది. "నన్ను అడ్డం కూసోవెట్టుకున్నరు."

"కూసోవెట్టుకున్న," అన్నాడు. దాచలేదు. "ఈడికి అత్తరని నాకూ ఎరికే. నా రివాల్వరు ఆ ఒడ్డుకు అందది, ఆని తుపాకి నాకు అందుతది. మందిని తేవచ్చు. తెస్తె ఇద్దరు ఇటు, ముగ్గురు అటు పోతరు. లెక్క పైకి రాసుడు, మళ్ల ఇంకో ఊరు. నాకు శాతనైతలేదు. రెండేండ్లయింది నేను గోడ లేకుండ కుదురుగ కూసోక. ఒక్క దినం నీళ్ల మీద కూసోవాలె అనిపిచ్చింది. గంతే."

తిట్టాలనుకున్నాను. ఆయన కళ్ల కింది సంచులు చూసి ఆగాను. మనిషి మాటను నమ్మలేకపోయినా అలసటను నమ్మొచ్చు. అది నాకు బాగా తెలిసిన సరుకు.

చేప పడలేదు. జీపు ఎక్కే ముందు ఆయన అన్నాడు, నా వైపు చూడకుండా: "వచ్చే ఐతారం మళ్ల చెరువుకు అత్త. నువ్వు అత్తె అత్త. లేకుంటె లేదు. నీ ఇష్టం."

ఇంట్లో లచ్చవ్వ గడపలో నిలబడి ఉంది. నేను కాళ్లు కడుక్కోకముందే, "కనవడ్డడా?" అన్నది.

"కనవడ్డడు."

"ముఖం ఎట్లున్నది? సన్నగైండా? గడ్డం పెంచిండా?"

నేను జరిగిందంతా చెప్పాను. వాడు అంతసేపు నిలబడి చూశాడని, నేను తల దించుకుని దారం తీస్తున్నానని, తల ఎత్తేసరికి వీపు తిరిగిపోయిందని చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. అది మంచి రీలై ఉంటే చిక్కు పడేది కాదు. చిక్కు పడకుంటే నా కళ్లు నీళ్ల మీదే ఉండేవి. నా కొడుకు నా ముఖంలోకి చూస్తుంటే నేను వాడి ముఖంలోకి చూసేవాణ్ణి. ఏరికోరి పనికిరానిది తెచ్చాను, ఆ చూపును నేనే పోగొట్టుకున్నాను.

లచ్చవ్వ లోపలికి పోయి ఇంగువ పెట్టిన బెల్లం ముక్క తెచ్చింది. మిరుగం నాడు చేప తిననివాళ్లు తినేది అది. సగం నా నోట్లో పెట్టి సగం తాను తిన్నది.

"ఐతారం పో," అన్నది. "నువ్వు నడుమ కూసున్నంతసేపు ఆడు గొట్టడు, ఈడు గొట్టలేడు. ఇద్దరు బతుకుతరు. పో. గని ఆ ఎర్రదాన్ని ముందుగాల అవతల పారెయ్యి."

మళ్లీ కోరుట్ల బస్సు. మళ్లీ దిగడం, నిలబడటం, ఎక్కడం. జలపతి నన్ను చూసి చాయ్ తెప్పించలేదు. ఎర్ర రీలు బల్ల మీద పెట్టాను.

"నేను చెప్పలేదా? ఎస్సై కొట్టిండా ఏంది?" అన్నాడు.

"లేదు. నల్లది ఉన్నదా?"

ఉంది. చేతికిచ్చాడు. రెండు వేళ్ల నడుమ పట్టి ఒత్తాను. వంగలేదు. డ్రమ్మును పక్కకు ఊపాను. చప్పుడు లేదు. బ్రేకు మర బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించి చూశాను. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. జలపతి కోపం మెల్లగా దిగిపోయింది, సరుకు తెలిసిన గిరాకీని చూసినట్టు చూస్తున్నాడు.

"ఇది చిక్కు వడదు గదా?" అన్నాను.

"బొటనవేలు ఉంచితె చాలు బావా. కండ్లు మూసుకోని ఇసిరినా చిక్కు వడదు."

"దారం దిక్కు చూసుడే ఉండదు గదా?"

"ఉండది. ఇంతకు గింత పట్టి పట్టి చూస్తున్నవ్, దీనితోని ఏం పడ్తరు?"

"ఏం పట్టం," అన్నాను. "నేను తల ఎత్తి కూసోవాలె. అవతలి ఒడ్డు దిక్కు."

జలపతి రీలును కొత్త గుడ్డతో తుడిచి, ఒక చుక్క నూనె వేసి, నా రెండు చేతుల్లో పెట్టాడు.